సమాధానం: హక్ తనను పాపిగా ఎందుకు భావిస్తాడు?
మార్క్ ట్వేన్ నవల ‘అడ్వెంచర్స్ ఆఫ్ హకల్‌బెరీ ఫిన్’లో, పారిపోయిన బానిస జిమ్‌కు సాయపడుతూనే, కథ చెప్పే పిల్లవాడు హక్ తనను పాపిగా ఎందుకు భావిస్తాడన్న మీ చిక్కుకు కారణం, బహుశా, హక్ మాటలను రచయిత ట్వేన్ అభిప్రాయాలుగా చదవడమే.

1. 31వ అధ్యాయం మళ్లీ చదవండి. జిమ్ ఆచూకీ తెలుపుతూ అతని యజమానురాలు మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాయగానే హక్ మనసు తేలికపడుతుంది. తర్వాత జిమ్ మంచితనం గుర్తొచ్చి, నరకానికైనా సిద్ధపడి ఆ ఉత్తరాన్ని చించేస్తాడు. చాలామంది ఈ చించివేతనే చూసి, అంతకుముందు కలిగిన ఊరటను వదిలేస్తారు. మనిషిని ఆస్తిగా చూడడమే ధర్మమని నేర్పిన సమాజం ఒక పిల్లవాడి అంతరాత్మను ఎంతగా తలకిందులు చేసిందో చెప్పేది ఆ ఊరటే. నా దృష్టిలో నవలకు గుండెకాయ అదే.

2. 18వ అధ్యాయంలో మరో కుటుంబంతో పగ సాగిస్తూనే తుపాకులతో చర్చికి వెళ్లి, సోదరప్రేమపై ప్రసంగాన్ని మెచ్చుకునే కుటుంబాన్ని దీని పక్కన పెట్టి చూడండి; అక్కడా తలకిందులైన ధర్మమే కనిపిస్తుంది.