పుస్తకం నీదే, సాయం అడగడానికి మొహమాటమెందుకు

తమ్ముడూ,

ఉత్తరం అందింది. కథలు పుస్తకంగా వేసుకోవాలని ఉంది, కంప్యూటర్ అంటే టెన్షన్, ఫేస్‌బుక్‌లో పరిచయమైన స్నేహితుల్ని అడుగుదామంటే ముఖమైనా చూడనివాళ్ళని ఎలా ఇబ్బంది పెట్టను అని రాశావు. అడుగు. నీ ఒక్కో కథ మీద వాట్సాప్‌లో పేజీలకు పేజీలు రాసేవాళ్ళు, నీ పుస్తకం వస్తోందంటే చెయ్యి వెయ్యరా?

కాకపోతే అడిగే పద్ధతి ఉంది. "నా పుస్తకానికి సాయం చేయండి" అని అందరికీ ఒకే మెసేజ్ పెడితే అందరూ "తప్పకుండా సార్" అంటారు, ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలీదు. ఒక్కొక్కరికి విడిగా, వాళ్ళకి చేతనైన చిన్న పని చెప్పు. ఈ పది పేజీల్లో అచ్చుతప్పులు వచ్చే ఆదివారం లోపు చూడగలరా, లేదా ఆన్‌లైన్‌లో రాసుకుని దిద్దుకునే గూగుల్ డాక్స్ వాడటం ఓ అరగంట వీడియో కాల్‌లో చూపించగలరా అని. కుదరదు అన్నవాళ్ళ మీద అలగకు. మన విశాఖలోనే ఉన్నవాళ్ళయితే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కలుసుకోండి, పక్కన కూర్చుని ఫోన్ నీ చేతికిచ్చి చేయిస్తే వచ్చేది వేరు. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకో, రెండోసారి అదే అడగక్కర్లేదు.

అన్నిటికంటే ముందు నువ్వు చేత్తో కథలు రాసుకున్న నోటుపుస్తకాల సంగతి చూడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళల్లో కిటికీలు పగిలి సామాన్లన్నీ తడిసిపోయాయో నీకు చెప్పక్కర్లేదు. నీ కథలకి ఉన్నది ఆ ఒక్క ప్రతే. ఫైళ్ళు ఆన్‌లైన్‌లో దాచుకునే గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ చేసే వీలుంది, మీ అమ్మాయి ఒక్కసారి చూపిస్తే చాలు. అన్ని పేజీలూ అందులో పెట్టు, ఒక కాపీ నాకు పంపు.

టైపింగ్‌కి భయపడకు. ఫోన్ కీబోర్డులో మైక్ గుర్తు నొక్కి తెలుగులో చదివితే అదే రాసుకుపోతుంది. ఇక్కడ మాత్రం జాగ్రత్త. నీ కథల్లో మనుషులు మన ఉత్తరాంధ్ర మాట మాట్లాడతారు, నువ్వు "వచ్చీసినాడు" అని చదివితే ఫోన్ దాన్ని "వచ్చేశాడు" అని రాసినా రాస్తుంది. ఫోన్ వదిలేసినా, ప్రూఫ్ చూసే స్నేహితులు గుంటూరు వాళ్ళో హైదరాబాద్ వాళ్ళో అయితే తప్పనుకుని మంచి మనసుతోనే దిద్దేస్తారు. నాకు ఇది చాలా పెద్ద విషయం తమ్ముడూ, ఆ మాట పోతే నీ కథలో సగం ప్రాణం పోయినట్టే, అందుకే ప్రూఫ్ ఇచ్చే ముందే ఒక పేజీ రాసి పంపు, సంభాషణల్లో ఫలానా మాటలు ముట్టుకోవద్దు, కథనంలో అక్షరదోషాలు మాత్రమే చూడండి అని. గూగుల్ డాక్స్‌లో వాళ్ళు నేరుగా మార్చకుండా సూచనలు మాత్రమే పెట్టేలా అనుమతి ఇవ్వొచ్చు. ఆ సూచన ఉంచాలో తీసేయాలో నిర్ణయం నీది. చివరి ప్రూఫ్ మాత్రం కాగితం మీద ప్రింట్ తీసి చూడండి, స్క్రీన్ మీద కంటికి ఆనని తప్పులు అందులో దొరుకుతాయి.

డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చేవాళ్ళకి ఇస్తే, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్ పద్ధతిలో చేయమని గట్టిగా అడుగు. చాలా సెంటర్లలో ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లతోనే కొడుతున్నారు. అచ్చులో బాగానే ఉంటుంది, కానీ ఆ ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు పెట్టి ఉంటాయి, నీ స్నేహితుడి ఫోన్‌లో తెరిస్తే ఏవో పిచ్చి గీతలు కనిపిస్తాయి, రేపు ఈ-బుక్ చేయాలన్నా మళ్ళీ మొదటికే వస్తుంది. మండలి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పేజీలు పెట్టేవాళ్ళు ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే, భారతీయ భాషల సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయని గుర్తు చెయ్.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబర్, మన దేశంలో ఉచితం. ఆ నంబర్లు ఇచ్చే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో రచయితే స్వయంగా ప్రచురణకర్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఫారం నింపడానికి స్నేహితుడి సాయం తీసుకో, కానీ అకౌంట్ నీ ఈమెయిల్‌తో, నీ పేరు మీద ఉండాలి. వేరేవాళ్ళు వాళ్ళ పేరు మీద నంబర్ తీసుకుంటే రికార్డులో ప్రచురణకర్త వాళ్ళే అవుతారు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎంత మంచివాళ్ళకైనా చెప్పకు. దూరం నుంచి నీ ఫోన్‌ని నడిపే యాప్ ఏదైనా పెట్టుకోమంటే వద్దను. వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ చూపిస్తే సరిపోతుంది, అది కూడా బ్యాంకు యాప్‌లు మూసేశాకే.

ప్రింటింగ్ గురించి ఎక్కువ చెప్పను. ముందు వంద కాపీల లోపు డిజిటల్ ప్రింటింగ్‌లో, అంటే ఫైలు నుంచి నేరుగా కాగితం మీద, వేయించు. డెమ్మీ అనే మామూలు పుస్తకం సైజులో ఒక ఫారానికి, అంటే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు లెక్క, అందుకే మొత్తం పేజీలు ఆ లెక్కకి దగ్గరగా సర్దుకుంటే కాగితం వృథా కాదు. పుస్తకం వచ్చాక 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమెరా సహా మరో మూడు గ్రంథాలయాలకీ ఒక్కో ప్రతి పంపాలి, 1954 చట్టం అది. సొంతంగా వేసుకున్నా ప్రచురణకర్తవి నువ్వే కాబట్టి ఆ బాధ్యత నీదే.

డబ్బు సంగతి. ఓ కథ చదివి పెట్టడం స్నేహం. పుస్తకమంతా టైప్ చేయడం, కవర్ గీయడం మాత్రం పని, దానికి ఎంత ఇవ్వాలో మొదటే మాట్లాడుకో, వద్దన్నా ఇవ్వు. ముందు పేజీల్లో పేర్లు వేసేటప్పుడు వాళ్ళని అడిగి వెయ్, అందరికీ ఇష్టం ఉండకపోవచ్చు.

నీ కథలు ఇష్టపడే ఆ అనకాపల్లి మాస్టారితో మొదలుపెట్టు, ఆయనకి మన మాట తెలుసు. చిన్న కథ ఒకటి ఈ వారమే పంపి, ఏం చూడమంటున్నావో వివరంగా రాయి. ఆయన ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

అక్క,
సీతమ్మధార, విశాఖపట్నం