చిన్నా, కూలర్ బిగించే ముందు ఇది చదువు

చిన్నా,

క్యాంపర్ ఫొటో చూశాను. బాగుంది. కాకపోతే అమ్మినాయన నీకు చెప్పింది ఖాళీ డబ్బా బరువు. అందులోకి నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, పిల్లల సైకిళ్లు, మీ ఆవిడ ఎక్కడికెళ్లినా వదలని ఇడ్లీ పాత్ర, బియ్యం బస్తా ఎక్కాక ఇంకో ఆరేడు వందల పౌండ్లు ఇట్టే కలుస్తాయి. దాన్ని పదేళ్లు దాటిన ఎస్‌యూవీ వెనక తగిలించి, జులై ఎండలో, ప్లేనో నుంచి కొలరాడో లాక్కెళ్తానంటున్నావు. అందుకని ట్రాన్స్‌మిషన్ కూలర్, అదే గేరుబాక్సు ఆయిల్‌ని చల్లబరిచే చిన్న రేడియేటర్, వేస్తానన్నావు చూడు, అది మంచి ఆలోచనే. "ఇరవై నిమిషాల పనే బాబాయ్, వీడియోలో చూశా" అన్నావు, ఇరవై నిమిషాలు ఆ వీడియో నిడివిరా. ముందు బంపరు ఊడదీయడానికే నీకు గంట పడుతుంది, క్లిప్పులు రెండు విరుగుతాయి, మూడోది ఎగిరి ఎక్కడో పడి దొరకదు. శనివారం పొద్దున్నే మొదలుపెట్టు, ఆదివారం ఇంకే పనీ పెట్టుకోకు.

కూలర్ కొనకముందే గేరుబాక్సు డిప్‌స్టిక్, అదే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేసి చూడు. ఎర్రగా ఉంటే సంతోషం, కాస్త గోధుమరంగు తిరిగినా కంగారు లేదు, మార్చుకోవచ్చు. నల్లగా ఉండి కాలిన వాసన కొడుతుంటే, లేదా గేరు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి గుర్రుమని అరిచి ఆ తర్వాత గేరు పడుతుంటే, కూలర్ డబ్బులు జేబులోనే ఉంచుకో. లోపల క్లచ్ ప్లేట్లు పోయిన గేరుబాక్సుకి కూలర్ వేయడమంటే ఇల్లు కాలాక బావి తవ్వడమే. అదే ఆయిల్ గులాబీ రంగు లస్సీలా కనిపిస్తే బండి అసలు స్టార్ట్ చెయ్యకు, నాకు ఫోన్ చెయ్. ఆ సంగతి కింద చెప్తాను.

మీ నాన్నకి ఈ కూలర్ సంగతి చెప్తే విజయవాడ నుంచి ఫోన్‌లో పడీపడీ నవ్వాడు, "గేరుబాక్సుకి రేడియేటరేంట్రా" అని. ఆయన తప్పు కాదులే. చిన్నప్పుడు మేమిద్దరం ఆటోనగర్‌లో మామయ్య షెడ్డులో చూసినవన్నీ మాన్యువల్ గేరుబాక్సులే, వాటిలో వేడి పుడితే క్లచ్ ప్లేటు దగ్గర పుట్టేది, ఆ వాసన వీధి చివరిదాకా వచ్చేది. ఇప్పుడు ఆయన కొన్న ఏఎంటీ కారు కూడా ఆటోమేటిక్ అంటాడు కానీ అది మాన్యువల్ గేరుబాక్సే, క్లచ్ తొక్కే పని మోటారు చేస్తుందంతే. నీ బండిలో సంగతి వేరు. ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లు అనుకో, ఇంజన్ తిప్పే ఫ్యాను ఆయిల్‌ని విసిరి రెండోదాన్ని తిప్పుతుంది. రెండింటి వేగాల్లో ఎంత తేడా ఉంటే అంత వేడి. హైవే మీద చదునుగా పోతున్నప్పుడు లోపల ఒక క్లచ్ ఆ రెండింటినీ లాక్ చేసేస్తుంది, వేడి పెద్దగా పుట్టదు. వెనక బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ లాక్ ఊడుతుంది, అక్కడ మొదలవుతుంది అసలు కథ. సాయంత్రం ఆరింటికి డాలస్ 635 హైవే మీద ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్‌లోనూ అంతే.

మామూలుగా ఈ ఆయిల్ 175 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర హాయిగా ఉంటుంది. 200 దాటాక ప్రతి 20 డిగ్రీలకీ దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు ఒక లెక్క చెప్తారు. అది మోటు లెక్కే, అయినా నేను దాన్ని నమ్ముకునే ఇన్నేళ్లు బండ్లు నడిపాను. 240 దగ్గర ఆయిల్ వార్నిష్‌లా మారి లోపల వాల్వులకి అంటుకోవడం మొదలుపెడుతుంది, ఇంకా పైకెళ్తే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, ఆ తర్వాత క్లచ్ ప్లేట్లు పోతాయి. మీరు అమరిల్లో, డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా వెళ్లి రటోన్ పాస్ అనే కనుమ ఎక్కుతారు, అది 7,834 అడుగులు. తర్వాత ఐ-70 మీద ఐసన్‌హోవర్ టన్నెల్ అంటే 11,000 అడుగుల పైనే. అంత ఎత్తులో గాలి పలచబడుతుంది, ఇంజన్‌కి బలం తగ్గుతుంది, రేడియేటర్ గుండా పోయే గాలి మోసుకుపోయే వేడీ తగ్గుతుంది, ఈ రెండూ ఒకేసారి.

అందుకని ముందు కొలువు. డాష్‌బోర్డు కింద ఓబీడీ సాకెట్టుకి, అదే మెకానిక్కులు బండి కంప్యూటర్ చదివే చోట, పెట్టుకునే చిన్న బ్లూటూత్ రీడర్ ఒకటి కొను, ఖరీదేం కాదు. చాలా బండ్లలో గేరుబాక్సు ఆయిల్ వేడి ఫోన్‌లో కనిపిస్తుంది. క్యాంపర్ నిండా సామాను పెట్టి ఎండ బాగా ఉన్న రోజు ఒక గంట లాగి చూడు, ఎంత వస్తుందో రాసిపెట్టుకో. కూలర్ వేశాక అదే దారిలో మళ్లీ లాగు. ఈ రెండు అంకెలు లేకుండా కూలర్ వేసుకున్నవాళ్లు "చాలా తేడా ఉంది బ్రో" అంటుంటారు, ఎంత తేడా అంటే చెప్పలేరు. ఇంకో మాట, టో ప్యాకేజీతో, అంటే ట్రైలర్ లాగడానికి సిద్ధం చేసి, వచ్చిన బండయితే ముందు గ్రిల్ వెనక కంపెనీ వాడే చిన్న కూలర్ పెట్టి ఉంటాడు. టార్చిలైటు వేసి చూడు, ఉన్నదాని మీద ఇంకోటి కొనుక్కోకు.

కొనేటప్పుడు ట్యూబ్-అండ్-ఫిన్ రకం, అంటే వంకర్లు తిరిగిన గొట్టానికి రేకులు తొడిగింది, వద్దు, చవకే కానీ అంత చోటులో అది తీసేసే వేడి తక్కువ. పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్టాక్డ్ ప్లేట్ రకం తీసుకో, ట్రూ-కూల్, హేడెన్, డెరేల్ ఇవన్నీ అమ్ముతాయి. బండి బరువూ క్యాంపర్ బరువూ కలిపి, పెట్టె మీద రాసిన బరువు దానికంటే పైన ఉండేది చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి, కూలర్ ఎక్కడ కలపాలనేది. గేరుబాక్సు నుంచి వేడి ఆయిల్ ఒక గొట్టంలో రేడియేటర్ దగ్గరికి వెళ్తుంది, రేడియేటర్ ట్యాంకు లోపల ఇంకో చిన్న కూలర్ ఉంటుంది, అక్కడ కాస్త చల్లబడి రెండో గొట్టంలో వెనక్కి వస్తుంది. నీ కొత్త కూలర్ ఆ వెనక్కి వచ్చే గొట్టంలో పడాలి. గేరుబాక్సు, రేడియేటర్, కొత్త కూలర్, మళ్లీ గేరుబాక్సు, ఇదే వరస. తిరగేస్తే ఏమవుతుందంటే, నువ్వు కష్టపడి చల్లబరిచిన ఆయిల్‌ని తీసుకెళ్లి రేడియేటర్‌లో ఉండే 200 డిగ్రీల కూలెంట్ నీళ్లతో మళ్లీ వేడి చేసినట్టు. మిన్నెసోటా చలిలో ఉండేవాళ్లు కావాలనే అలా వేసుకుంటారు, టెక్సస్‌లో మనకా అవసరం లేదు.

ఏది వెనక్కి వచ్చే గొట్టమో వీడియోలో "కిందది" అన్నాడు కదా అని నమ్మకు, బండి బండికీ మారుతుంది. ఇంజన్ రాత్రంతా చల్లారాక పొద్దున స్టార్ట్ చేసి రెండు గొట్టాలూ చేత్తో పట్టుకుని చూడు, ముందు వెచ్చబడేది గేరుబాక్సు నుంచి వచ్చేది, రెండోది మనక్కావలసింది. చెయ్యి ఫ్యానుకి దూరంగా పెట్టు. అనుమానం తీరకపోతే ఆ రెండో గొట్టాన్ని రేడియేటర్ దగ్గర విప్పి, రేడియేటర్ మూతికి ఒక హోస్ తగిలించి బకెట్‌లో పెట్టి, కోడల్ని మూడు నాలుగు సెకన్లు స్టార్ట్ చేసి ఆపమను. ఆయిల్ రేడియేటర్ వైపు నుంచి బకెట్‌లోకి వస్తే నీ లెక్క కరెక్టు. అంతకంటే ఎక్కువసేపు నడపొద్దు, పంపు ఎండిపోతుంది.

లస్సీ సంగతి చెప్తానన్నాను కదా. పాత రేడియేటర్లలో ఆ లోపలి కూలర్ చిల్లుపడితే కూలెంటూ ఆయిలూ కలిసిపోతాయి, క్లచ్ ప్లేట్ల మీద అంటించిన జిగురుని ఆ నీళ్లు తినేస్తాయి, గేరుబాక్సు పోతుంది. ఆ భయంతో కొందరు రేడియేటర్‌ని పూర్తిగా తప్పించి బయటి కూలర్‌కే కలుపుతారు. టెక్సస్‌లో అది నడుస్తుంది కానీ నాకు నచ్చదు, చలికాలం పొద్దున ఆయిల్ వెచ్చబడక కన్వర్టర్ లాక్ పడటం ఆలస్యమవుతుంది. నీది పదేళ్ల రేడియేటర్ కాబట్టి, ఎలాగూ బంపరు విప్పుతున్నావు కాబట్టి, కొత్త రేడియేటర్ వేసెయ్. గేరుబాక్సు ఖరీదుతో పోలిస్తే అదెంత.

బిగించడం ఏసీ కండెన్సర్ ముందు, గాలి తగిలే చోట. పెట్టెలో ప్లాస్టిక్ పుల్లలు ఇస్తారు, కండెన్సర్ రేకుల మధ్య నుంచి దూర్చి లాక్ చేయమంటారు. అవి వాడకు. నేను 2006లో అలాగే వేశాను, రోడ్డు కుదుపులకి కూలర్ అటూ ఇటూ రాసుకుని ఏడాది తిరక్కుండా కండెన్సర్‌కి చిల్లు, హ్యూస్టన్ ఆగస్టులో ఏసీ లేకుండా రెండు వారాలు తిరిగాను, మీ పిన్ని ఆ రెండు వారాలూ నాతో మాట్లాడలేదు. హోమ్ డిపోలో అల్యూమినియం పట్టీలు దొరుకుతాయి, కోసి వంచి రేడియేటర్ సపోర్టుకి బోల్టు వెయ్, కండెన్సర్‌కీ కూలర్‌కీ మధ్య వేలు సందు ఉంచు. మూతులు పైకో పక్కకో ఉండాలి, కిందికి పెడితే గాలి లోపల చిక్కుకుంటుంది.

హోస్ దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు. మామూలు పెట్రోలు హోస్, హీటర్ హోస్ పనికిరావు, చూడ్డానికి అన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి. హోస్ మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ అని, ఎస్‌ఏఈ జె1532 అని అచ్చు వేసి ఉంటుంది, అది చదివి కొను. నీ గొట్టం సైజు మూడు ఎనిమిదో వంతు అంగుళమా, అయిదు పదహారో వంతా కొలుచుకుని వెళ్లు. కూలర్ కొన్న మరుసటేడు చేతికందిన హోస్ ముక్కొకటి వేసి డాలస్ బయల్దేరాను, ఐ-45 మీద హంట్స్‌విల్ దాటాక వెనక కారాయన హారన్ కొట్టి చూపిస్తే తెలిసింది, రోడ్డంతా ఎర్ర గీత గీసుకుంటూ వస్తున్నానని. మెత్తబడి క్లాంపు దగ్గర చీలిపోయింది.

ఇనప గొట్టం కోయాల్సి వస్తే రంపంతో కోయకు, ఇనప రజను లోపలికెళ్తే వాల్వులు పాడవుతాయి. ట్యూబ్ కట్టర్ వాడు, కోసిన చివర ఉబ్బు వచ్చేలా ఫ్లేర్ చెయ్, లేకపోతే హోస్ జారిపోతుంది. హోస్ కనీసం అంగుళం లోపలికెక్కాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ రకం క్లాంపులు వెయ్, మరీ బిగించి రబ్బరుని తెగ్గొయ్యకు. పదునైన రేకు పక్కన, ఫ్యాను దగ్గర, ఎగ్జాస్ట్ దగ్గర హోస్ పోనివ్వకు. బ్యాటరీ నెగటివ్ తీసేసి పని చెయ్, ఎలక్ట్రిక్ ఫ్యానుకి చెప్పాపెట్టకుండా తిరిగే అలవాటుంది. బండి కిందికి దూరాల్సొస్తే స్టాండ్లు పెట్టాకే దూరు, జాకీని నమ్ముకుని కాదు.

అన్నీ బిగించాక మాన్యువల్లో ఏ ఆయిల్ రాశాడో అదే పొయ్యి, "అన్ని బండ్లకీ" అని రాసిన సీసా వద్దు. కూలరూ హోసూ కలిపి అర క్వార్టు నుంచి ఒక క్వార్టు (దాదాపు లీటరు) తాగుతాయి. ముందు అరే పొయ్యి. స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి అన్ని గేర్లలోకీ నెమ్మదిగా ఒక రౌండు వేసి, బండి వేడెక్కాక చదును నేల మీద, ఇంజన్ తిరుగుతుండగానే డిప్‌స్టిక్ చూడు, తక్కువైతే కొంచెం కొంచెం కలుపు. ఎక్కువైతే నురగ కడుతుంది, అదీ ప్రమాదమే. కింద అట్టముక్క పరిచి పెట్టు, రాత్రి ఒక్క చుక్క పడినా పొద్దున తెలుస్తుంది. యాభై మైళ్లు తిరిగాక క్లాంపులు మళ్లీ చూడు. కారిన పాత ఆయిల్ సీసాలో పట్టి ఆటోజోన్‌కి తీసుకెళ్తే ఊరికే తీసుకుంటారు, కాలవలో పొయ్యకు.

దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు గేరు పైకీ కిందికీ ఊగుతుంటే ఒక గేరు తగ్గించి స్థిరంగా పోనివ్వు, వెనక లారీవాడు హారన్ కొడితే కొట్టుకోనీ. ఫోన్‌లో అంకె 230 దాటుతుంటే చోటు చూసి పక్కకి ఆపు, పార్క్‌లో పెట్టు, కానీ ఇంజన్ ఆపొద్దు. ఇంజన్ తిరిగితేనే పంపు తిరుగుతుంది, పంపు తిరిగితేనే ఆయిల్ కూలర్‌లోకి వెళ్తుంది. అయిదు నిమిషాలు నిలబడి చూస్తే అంకె దిగడం కనిపిస్తుంది.

నా ట్యూబ్ కట్టరూ ఫ్లేరింగ్ కిట్టూ శుక్రవారం రాత్రికల్లా నీ దగ్గరుంటాయి, మనవాళ్లబ్బాయొకడు అటు వస్తున్నాడు, ఇచ్చి పంపిస్తా. హోస్ కొన్నాక ఒక ఫొటో పెట్టు, దాని మీద అక్షరాలు కనబడేలా.

బాబాయ్