మూడు లాగ్ ఫైళ్ళు ఒకే స్క్రీన్ మీద చూడాలంటే

తమ్ముడూ, వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్ (జరిగిందంతా వరసగా రాసుకునే ఫైలు), అప్లికేషన్ లాగ్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ లాగ్ మూడిటికీ మూడు టెర్మినల్స్ తెరిచి మారి మారి చూస్తుంటే అసలు లైను పైకెళ్ళిపోతోంది, ఒకే చోట ఎలాగ చూడాలి అని కదా అడిగావు. నేను విజయనగరంలో కూర్చుని పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఆర్డర్ల సైటు చూసుకుంటాను, ఇది నాకు రోజూ ఉండే పనే.

ముందు ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకు. ఫైలు చివరి లైన్లు చూపించే టెయిల్ కమాండ్‌కి మూడు ఫైళ్ళ పేర్లూ వరసగా ఇచ్చెయ్, ఏ ఫైల్లో కొత్త లైను పడితే ఆ ఫైలు పేరు పైన వేసి కింద లైను చూపిస్తాది. కాకపోతే హైఫన్ పక్కన చిన్న ఎఫ్ కాదు, పెద్ద ఎఫ్ కొట్టు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. చిన్న ఎఫ్ అయితే మొదట తెరిచిన ఫైల్నే పట్టుకుని ఉంటాది, రాత్రి పాత లాగ్‌లని పక్కన పెట్టే లాగ్‌రొటేట్ వచ్చి పాతదానికి పేరు మార్చీసి కొత్త ఫైలు పెట్టినా ఇది పాతదాన్నే చూస్తుంటాది, తెల్లారి నువ్వు ఎర్రర్లేం రాలేదని సంబరపడతావు. పెద్ద ఎఫ్ పేరుని బట్టి చూస్తాది కాబట్టి కొత్త ఫైల్లోకి తనే వెళ్తాది. పాత లైన్లు వద్దనుకుంటే హైఫన్ ఎన్ సున్నా కలుపు.

మూడూ కలిపి చూడ్డంలో లాభం ఏంటో చెప్తాను. దసరా ముందు ఆర్డర్లు ఎక్కువగా వస్తున్నప్పుడు పేమెంట్ పేజీలో 502 (వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదనే ఎర్రర్) వస్తోందని ఫోన్. ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో 502 తప్ప ఇంకేం లేదు, అప్లికేషన్ లాగ్‌లో టైమ్‌అవుట్ అని ఉంది, ఆ రెండిటికీ కాస్త ముందే పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో 'సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ' అని పడి ఉంది. అంటే డేటాబేస్ ఒకేసారి ఇవ్వగలిగే కనెక్షన్లన్నీ అయిపోయాయి. విడివిడిగా చూసుంటే ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగుల్లోనే తిరుగుతూ ఉందుము.

కావల్సిన మాటున్న లైన్లే ఏరే గ్రెప్ పెట్టి ఎర్రర్లు మాత్రమే తీసి ఫైల్లోకో ఇంకో కమాండ్‌కో పంపిస్తే లైన్లు వెంటనే రావు, బఫర్ (లైన్లు తాత్కాలికంగా దాచే చోటు) నిండేదాకా ఆపుతాది. గ్రెప్‌కి లైన్-బఫర్డ్ ఆప్షన్ ఇస్తే సరిపోతాది.

స్క్రీన్ ముక్కలుగా కావాలంటే మల్టీటెయిల్ ఉంది, బాగానే ఉంటాది, చిన్న లాప్‌టాప్‌లో మాత్రం ఇరుకు. జరిగిపోయినదాన్ని వెతకాలంటే నా ఓటు ఎల్‌నావ్ అనే ప్రోగ్రామ్‌కే. ఫైళ్ళన్నిటినీ టైమ్ వరసలో కలిపి ఒక్క లాగ్‌లా చూపిస్తాది, ఇంగ్లీషు చిన్న ఈ (e) నొక్కితే తర్వాతి ఎర్రర్ దగ్గరికి వెళ్తాది. కానీ ముందు టైమ్‌జోన్ చూసుకో, ఒక లాగ్ ఐఎస్‌టీలో (మన టైమ్), ఇంకోటి జోన్ రాయకుండా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైమ్) ఉంటే ఐదున్నర గంటల తేడాతో వరసంతా తారుమారు అయిపోతాది, అన్నీ ఒకే టైమ్‌లో రాసేలా సర్వర్లోనే మార్చీ.

ఇంకోటి, మన వైపు గాలివాన వస్తే కరెంటూ పోతాది నెట్టూ పోతాది, అందుకని సర్వర్లో టీమక్స్ (నెట్ తెగినా లోపలి పని ఆగకుండా ఉంచే ప్రోగ్రామ్) తెరిచి అందులో టెయిల్ నడుపు. నెట్ వచ్చాక మళ్ళీ లాగిన్ అయ్యి టీమక్స్ అటాచ్ కొడితే ఆ మధ్యలో పడిన లైన్లు కూడా ఉంటాయి, మరీ ఎక్కువ పడతాయనుకుంటే హిస్టరీ లిమిట్ పెంచుకో, మామూలుగా 2000 లైన్లే దాస్తాది.