ఖాళీ ట్రిప్పు కూడా ఎస్సార్‌లో ఎక్కాలి

కందుకూరు

అమ్మాయ్,

నీ ఉత్తరం, దాంతో పంపిన కథ అందాయి. కవరు మీద ప్రకాశం జిల్లా అని రాశావు. తప్పేం లేదులే. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తరవాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. ఇల్లు కదలకుండానే జిల్లాలు మారాం. పోస్ట్‌మ్యాన్ ఎరిగినవాడు కాబట్టి తెచ్చి ఇచ్చాడు.

రెండు కథలు అచ్చయ్యాక నాలుగు నెలలుగా ఒక్క వాక్యం రావడం లేదన్నావు. బడి నుంచి రావడం, నోటుపుస్తకం తెరవడం, మూసేయడం. 'డ్యూటీ చేసుకుంటా అన్ని కథలు ఎట్టా రాశారు సార్' అని అడిగావు. ముందు ఆ సార్ తీసెయ్. బాబాయ్ అను చాలు.

నేను ఆర్టీసీ కండక్టరుగా పామూరు రూట్లో చాలా ఏళ్లు తిరిగాను. ఆ దారిలోనే మాలకొండ. అక్కడ నరసింహస్వామి గుడి వారానికి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఆ రోజు బస్సులో కాలు మోపే సందుండదు. చిల్లర లేదని పోట్లాట, కిటికీలోంచి తుండుగుడ్డ వేసి సీటు నాదేనని ఇంకో పోట్లాట. మర్నాడు అదే బస్సు, అదే టైము. ఎనిమిది మంది, రెండు గంపలు, ఒక మేకపిల్ల. ఎవరూ లేరని డ్రైవరు బస్సు ఆపేస్తాడా? నీ మొదటి రెండు కథలూ శనివారం బస్సులు. అదృష్టం. అయితే నువ్విప్పుడు స్టాండులో కూర్చుని ఆదివారం నాడు కూడా తిరునాళ్ల జనం కోసం చూస్తున్నావు.

టికెట్లు కొట్టే మిషన్లు రాకముందు సంగతి చెబుతాను. ట్రేలో రేటుకో కట్ట చొప్పున టికెట్లు ఉండేవి. ప్రతి స్టేజీ దగ్గరా ఏ కట్ట ఏ నంబరు దాకా తెగిందో ఎస్సార్ అనే లెక్కల కాగితం మీద ఎక్కించాలి. ఆ స్టేజీలో ఒక్కరూ ఎక్కకపోయినా సరే, పాత నంబరే మళ్లీ రాయాలి. తర్వాత రాద్దాంలే అనుకున్నావో, చెకింగు వాళ్లు సరిగ్గా ఆ మలుపులోనే చెయ్యెత్తుతారు. ఒకసారి నాకు తగిలింది. ఆ మాట వద్దులే, ఇప్పటికీ చెవులు కాలతాయి.

ఆ అలవాటునే కథలకు తెచ్చుకున్నాను. పొడుగు నోటుపుస్తకం ఒకటి, రోజుకో గీత. రాస్తే ఎంత రాశానో, రాయకపోతే ఎందుకు రాయలేదో. 'బద్ధకం' అని రాస్తే లెక్కలోకి రాదు, అది అందరికీ ఉండేదే. కథలో యాడ ఆగిందో రాయాలి. ఒకప్పుడు పదకొండు రోజులు వరసగా ఖాళీ పోయింది. పన్నెండో రోజు వెనక్కి తిప్పి చూస్తే పదకొండు గీతల్లోనూ ఒకటే ముక్క: 'ముసలామె నోరు తెరవడం లేదు.' అప్పుడు వెలిగింది. కథ టౌనులో జరిగితే గౌరవంగా ఉంటుందని ఆమెను తీసుకెళ్లి ఒంగోల్లో ఒక మేడింట్లో పెట్టాను. ఆ ఇంట్లో ఆమె ఎట్టా మాట్లాడుద్దో నాకే తెలీదు, ఇంక ఆమెకేం తెలుస్తుంది? తెచ్చి వలేటివారిపాలెం స్టేజీలో గంపతో నిలబెట్టాను. బస్సెక్కీ ఎక్కకముందే 'గంపకు గూడా టికెట్టా నాయనా, అదేమన్నా సీట్లో కూర్చుంటదా' అంది. మూడు రోజుల్లో కథ అయిపోయింది. ఆ పదకొండు రోజులూ కాగితం మీద పెట్టకపోయుంటే నాకు కథలు రావడం ఆగిపోయిందనే అనుకుని ఉండేవాణ్ణి.

మన తిక్కన గురించి చెప్పుకునే కథ నువ్వూ వినే ఉంటావు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేసిన మనిషి. ఆయన ఆగకుండా చెబుతుంటే గురునాథుడు ఆగకుండా రాయాలని ఒప్పందమట. సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధం సంగతులు చెప్పే చోట తిక్కనకు మాట తోచక 'ఏమి సెప్పుదు గురునాథా' అన్నాడట. గురునాథుడు అదీ రాసేశాడు. తిక్కన కంగారు పడితే, ద్రుతం, అంటే నకారం, తరవాత 'క' 'గ' అయి కురునాథుడు గురునాథుడే అవుతాడు కదా, సంజయుడు రాజును పిలిచినట్టే ఉంది పొమ్మన్నాడట. జరిగిందో లేదో పండితులు తేల్చుకుంటారు. నాకు మాత్రం ఘంటం ఆపని ఆ గురునాథుడంటే ఇష్టం.

తెల్లవారుజామునే లేచి రాయమని నీకెవరో చెప్పారట. నా డ్యూటీకి ఒక వేళంటూ ఉండేది కాదు, ఒకరోజు తెల్లారి బస్సు, ఇంకోరోజు నైట్ హాల్టు. అందుకని గడియారాన్ని వదిలేసి పనికి ముడేశాను. డిపోలో క్యాషు కట్టినాక, సైకిలు తాళం తీసేముందు, బెంచీ మీద అర పేజీ. ఆ అర పేజీ కాకుండా తాళం చెవి బయటికి తీసేవాణ్ణి కాదు. నువ్వయితే పిల్లలు వెళ్లిపోయాక తరగతి గదిలోనే ఇరవై నిమిషాలు కూర్చో. ఇంటికెళ్లాక అన్నం, అమ్మ, ఫోను ఉంటాయి. వాటితో నువ్వు గెలవలేవు. నేనూ గెలవలేదు.

రాసేటప్పుడు ఇంకెవరి కథకు ఎన్ని మెచ్చుకోళ్లు వచ్చాయో చూడొద్దు. పక్క బస్సు కలెక్షన్ అడిగే కండక్టరు తన చిల్లర తప్పు లెక్కేసుకుంటాడు.

నీ కథ పెన్సిలు గీతలతో తిప్పి పంపుతున్నాను. మొదటి పేజీన్నర కొట్టేశాను, కోప్పడొద్దు. కథ రొయ్యల గుంట దగ్గర రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోయిన చోట మొదలవుతోంది. అంతకుముందు ఉన్నదంతా నువ్వు పెన్ను విదిలించుకున్నది. నాలుగో పేజీలో గుంటకు కాపలా ఉన్న ముసలాయన 'ఎక్కడికి వెళ్తున్నావు' అన్నాడు. మీ కావలి పక్క ఏ ముసలాయన అట్టా అంటాడు? 'యాడికి పోతుండావు' అంటాడు. ఆయన్ని ఒకసారి పోయి కలిసిరా. కలిసిన రోజు ఏమీ రాయలేకపోతే ఆ సంగతే రాసుకో, వచ్చే ఉత్తరంలో ఆ గీతలన్నీ నాకు పంపించు.

మీ బాబాయ్