పిల్లల కాలేజీ వెతుకులాటకు ఏ గైడ్‌బుక్కులు కొనాలి?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. పాప పదో గ్రేడ్ అయిపోయింది. పుస్తకాల షాపులో కాలేజీ గైడ్‌బుక్కులు అర నిండా ఉన్నాయి. ఏవి కొంటే నిజంగా పనికొస్తాయి?

జవాబు: రెండు చాలండి. కాలేజీలు ఎలా ఉంటాయో ఒక్కోదాని గురించి రెండు మూడు పేజీలు రాసే లావు పుస్తకం ఒకటి, ఫీజులూ ఫైనాన్షియల్ ఎయిడ్ గురించి ఒకటి. అప్లికేషన్‌తో పంపే ఎస్సేలు ఎలా రాయాలో చెప్పే పుస్తకం ఇప్పుడే వద్దు. ర్యాంకుల పుస్తకం అసలే వద్దు. ర్యాంకు కట్టే సూత్రం మారితే, కాలేజీలో ఏమీ మారకపోయినా స్థానం మారిపోతుంది. ఏటా కాలేజీలకు ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ 2023లో క్లాసు సైజును లెక్కలోంచి తీసేసింది. పాప ఎంతమందితో కలిసి కూర్చుంటుందన్నది మీకు మాత్రం ముఖ్యమే కదా!

మొదటి రకంలో ఫిస్క్ గైడ్ లాంటిది తీసుకోండి. అమెరికాలో డిగ్రీ ఇచ్చే సంస్థలు దాదాపు 4,000 ఉంటే, అందులో కనిపించేవి మూడు వందల పైచిలుకే. కాబట్టి అందులో పేరు లేదని ఏ కాలేజీనీ కొట్టేయకండి. ఈ పుస్తకం పని వాతావరణం చెప్పడం: హాస్టల్ నాలుగేళ్లూ ఇస్తారా, శని ఆదివారాలు క్యాంపస్ ఖాళీ అయిపోతుందా, ఫ్రెటర్నిటీల (అబ్బాయిల విద్యార్థి సంఘాల) జోరెంత, ఏ డిపార్ట్‌మెంటుకు పేరుంది. ఇవి ఏడాదికీ ఏడాదికీ పెద్దగా మారవు. లైబ్రరీలో రెండేళ్ల పాత ప్రతి దొరికినా ఈ పనికి సరిపోతుంది.

అంకెల విషయం అలా కాదు. అట్ట మీద వచ్చే ఏడాది వేస్తారు గానీ లోపలి లెక్కలు ఎప్పుడో చేరిన బ్యాచ్‌వి. మీ పాప అప్లై చేసేసరికి అవి మరీ పాతబడతాయి. అందుకని పుస్తకంలో నచ్చిన ప్రతి కాలేజీకీ, దాని పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని కొట్టి వెతకండి. చాలా కాలేజీలు ఏటా ఒకే నమూనాలో ఆ వివరాలు పెడతాయి. పెద్ద పీడీఎఫ్ కదా అని బెదిరిపోకండి, చూడాల్సినవి కొన్నే.

అందులోని సి7 పట్టికలో మార్కులు, ఎస్సే, సిఫార్సు లేఖలు, కాలేజీ పట్ల చూపించిన ఆసక్తి వరుసగా ఉంటాయి. ఎదురుగా చాలా ముఖ్యం, ముఖ్యం, పరిగణిస్తాం, పరిగణించం అని నాలుగు గడులు. ‘ఆసక్తి’ దగ్గర పరిగణించం అని ఉంటే, అడ్మిషన్ కోసమే విమాన టికెట్లు కొని క్యాంపస్‌కి వెళ్లిరావాల్సిన పని లేదు. ఐ3లో ఎన్ని క్లాసులు పదిమంది లోపు, ఎన్ని వందకు పైన అన్నది ఉంటుంది. గైడ్‌బుక్కులో వేసే ‘ఒక ప్రొఫెసర్‌కు ఇంతమంది’ అనే నిష్పత్తి కంటే ఇది చాలా నయం.

కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్ఏటీ పరీక్ష స్కోర్లు ఎక్కువమంది పొరబడే చోటు. పుస్తకంలో 1430–1530 అని ఉందనుకోండి. స్కోరు పంపినవాళ్లలో నాలుగోవంతు 1430కి కింద, నాలుగోవంతు 1530కి పైన ఉన్నారని దానర్థం. కానీ టెస్ట్ ఆప్షనల్ (స్కోరు పంపడం మన ఇష్టం) కాలేజీలో ఆ పంపినవాళ్లు ఎంతమంది? అది సి9లో ఉంటుంది. ఎస్ఏటీ పంపినవాళ్లు 35 శాతం, అలాంటిదే మరో పరీక్ష ఏసీటీ స్కోరు పంపినవాళ్లు 15 శాతం అని ఉంటే, చేరినవాళ్లలో కనీసం సగం మంది ఏ స్కోరూ పంపలేదన్నమాట. అది చూడకుండా 1400 వచ్చిన పిల్లలు మంచి కాలేజీని జాబితాలోంచి తీసేసుకుంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఇందులో రూల్సు కూడా మారుతున్నాయి: ఎంఐటీ 2022లో మళ్లీ స్కోరు తప్పనిసరి చేసింది, కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు అడ్మిషన్‌కు స్కోరే చూడవు.

పాపకు కంప్యూటర్ సైన్స్ కావాలంటే ఇంకో జాగ్రత్త. గైడ్‌బుక్ మామూలుగా యూనివర్సిటీ మొత్తానికి ఒకే అడ్మిషన్ శాతం వేస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్ లాంటి చోట్ల కంప్యూటర్ సైన్స్‌లో సీటు దానికంటే చాలా కష్టం. వేరే మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) చేరి తర్వాత మారదామంటే కుదరకపోవచ్చు. మారే నియమాలు డిపార్ట్‌మెంట్ పేజీలోనే చదవండి.

ఇక డబ్బు పుస్తకం. షాపులోనే ఒక్క నిమిషంలో తేల్చుకోవచ్చు: వెనక ఇండెక్స్ తిప్పి ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ కోసం నింపే ఫారం) దగ్గర చూడండి. ఎయిడ్ లెక్కకట్టే కొత్త సూచీ ఎస్ఏఐ అన్న మాట లేకుండా పాత సూచీ ఈఎఫ్‌సీ ఒక్కటే ఉంటే అక్కడే పెట్టేయండి. 2024-25 ఫారం నుంచి ఈఎఫ్‌సీ పోయి ఎస్ఏఐ వచ్చింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫెడరల్ లెక్కలో దక్కే వెసులుబాటూ దాంతోనే పోయింది. పాత పుస్తకం నమ్మి ఇద్దరికీ కలిపి లెక్క వేసుకుంటే బడ్జెట్ తలకిందులవుతుంది.

మన కుటుంబాల్లో చాలామందికి కావాల్సిన సంగతి ఈ పుస్తకాల్లో దొరకడం కష్టం. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ రాదు. చిన్నప్పటి నుంచి ఇక్కడే చదివినా, ఎయిడ్ దగ్గర చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్లను ఇంటర్నేషనల్ విద్యార్థులతో కలిపే చూస్తాయి. ‘నీడ్-బ్లైండ్’ (ఎయిడ్ అవసరమా అన్నది చూడకుండా సీటు ఇస్తాం) అని పుస్తకంలో ఉంటే అది ఎవరికో అడగండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్నిచోట్లే అది అందరికీ వర్తిస్తుంది. కామన్ డేటా సెట్‌లో హెచ్6 చూస్తే, ఇక్కడి పౌరసత్వం, గ్రీన్‌కార్డు లేనివాళ్లకు కాలేజీ సొంత డబ్బు ఇస్తుందో లేదో తెలుస్తుంది. ఇన్-స్టేట్ ఫీజుకు (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకిచ్చే తక్కువ ఫీజుకు) రాష్ట్రానికో రూలు, దాన్ని యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసునే రాతపూర్వకంగా అడగండి. గ్రీన్‌కార్డు ఉండి, ఆదాయం ఎక్కువ కాబట్టి నీడ్ ఎయిడ్ (అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం) రాదనుకునేవాళ్లు డేటా సెట్‌లోనే హెచ్2ఏ చూడాలి: అవసరం లేనివాళ్లలో ఎంతమందికి మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చారు, సగటున ఎంత. ఐవీ లీగ్ కాలేజీలు (హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటివి) మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వవు.

పుస్తకం ఇంటికొచ్చాక ముందు పాప చేతికివ్వండి. తను ఓ పదిహేను కాలేజీలకు స్టిక్కీలు పెట్టాకే మీరు వేరే రంగువి పెట్టండి. పెద్దవాళ్ల గుర్తులు ముందే కనిపిస్తే పిల్లలు ఆ పేజీలే తిప్పుతారు, లేదా పుస్తకమే మూసేస్తారు. రెండు రంగులూ పడ్డ పేజీల నుంచి డేటా సెట్లు వెతకడం మొదలుపెట్టండి.

ఎస్సేల పుస్తకం పదకొండో గ్రేడ్ తర్వాత జూన్‌లో లైబ్రరీ నుంచి తెచ్చుకోండి. ఆగస్టు 1న కామన్ యాప్ (ఒకే ఫారంతో చాలా కాలేజీలకు అప్లై చేసే సైట్) కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది, అప్పటికి రెండు నెలల వ్యవధి ఉంటుంది. నమూనా ఎస్సేలే నిండిన పుస్తకం కంటే, చిత్తుప్రతి ఎలా దిద్దాలో చూపించేది ఎంచుకోండి. నమూనాలు ఎక్కువ చదివితే పిల్లల రాతలో ఆ గొంతులే వినిపిస్తాయి. అందుకే పాప తన మొదటి చిత్తుప్రతి రాసేదాకా నమూనాల భాగం తెరవనివ్వకండి.