సీరియల్ రచనలోకి తొలి అడుగు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నేను కందుకూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. వయసు 27 సంవత్సరాలు. డిగ్రీ చదివే రోజుల్లో రాసిన రెండు నాటికలను మా ఊరి బృందం పరిషత్తు పోటీల్లో ప్రదర్శించింది. టీవీ సీరియల్ కోసం ఒక ఉమ్మడి కుటుంబం కథను 60 పేజీలు రాసి పెట్టుకున్నాను. ఛానళ్లకు పంపితే చదువుతారా? ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్లిపోవడం మంచిదా?
(ఒక పాఠకురాలు, కందుకూరు)

సమాధానం: ఆ 60 పేజీలను భద్రంగా దాచుకోండి. ఇప్పుడే ఎవరికీ పంపకండి. రోజువారీ సీరియల్‌కు ఏ కథ తీసుకోవాలన్నది ఛానల్‌లోని ఫిక్షన్ విభాగం వారు, నిర్మాణ సంస్థ వారు కలిసి నిర్ణయిస్తారు. తమిళంలోనో కన్నడంలోనో బెంగాలీలోనో ఇప్పటికే ఆదరణ పొందిన కథను తెచ్చి మనకు తగినట్టు మార్చుకోవడం కూడా సాధారణమే. నెలల తరబడి నడిచే కథను, అంత పెట్టుబడిని, ఇంతవరకు ఒక్క ఎపిసోడ్ కూడా రాయని వారి చేతిలో పెట్టరు. అయితే అదే సంస్థకు మాటలు రాసేవారి అవసరం మాత్రం ప్రతిరోజూ ఉంటుంది. మీకు దారి అక్కడున్నది.

1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైన తరువాత చాలాకాలం సీరియల్ అంటే వారానికి ఒక భాగం, చాలావాటికి 13 వారాలతో ముగింపు. ఒకే రచయిత కథా మాటలూ కూర్చుకుని నిదానంగా రాయగలిగేవారు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక రోజువారీ సీరియళ్లు పాతుకుపోయి ఆ పద్ధతిని పూర్తిగా మార్చివేశాయి. ఇప్పుడు సాధారణంగా వారానికి 6 ఎపిసోడ్లు ఉంటాయి. అరగంటలో ప్రకటనలు, టైటిల్స్, నిన్నటి కథ పోగా ఒక్కొక్కటి 20 నుంచి 22 నిమిషాలు వస్తుంది. అంటే ప్రతి వారం రెండు గంటల పైచిలుకు, ఒక సినిమా అంత నిడివి రాయాలి. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కనుక పని మూడుగా విడిపోయింది. కథా రచయిత రాబోయే వారాల ట్రాకు, అంటే కథ నడిచే దారి చెబుతారు, స్క్రీన్‌ప్లే రచయిత దానిని సీన్ ఆర్డరుగా, అంటే ఏ సీనులో ఏం జరగాలో చెప్పే వరుసగా విడగొడతారు, మాటల రచయిత ఆ సీన్లకు సంభాషణలు రాస్తారు. ఛానల్ వారు దిద్దమన్న చోట దిద్ది ఇచ్చాక ఆ కాగితాలు సెట్‌కు వెళతాయి. మాటల రచయితకు సహాయకులుగా ఒకరిద్దరు అసోసియేట్లు ఉండడం వాడుక. కొత్తవారు ఎక్కువగా ఈ మూడో మెట్టు దగ్గరే లోపలికి అడుగుపెడతారు.

నాటికలు రాసిన అనుభవాన్ని మీరు ఒక్క వాక్యంలో ముగించారు. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన విషయం అదే. అప్పటి నెల్లూరు జిల్లాలోని మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయ సినిమాకు మాటలూ పాటలూ రాయడానికి ముందే నాటక రచయితగా పేరు తెచ్చుకున్నారు. మన ఒంగోలులో స్థిరపడిన ఎం.వి.ఎస్. హరనాథరావు పరిషత్తు నాటకాల నుంచి సినిమా మాటలకు వెళ్లారు. పాత్ర రంగం మీదికి ఏ పనిమీద వచ్చింది, ఏం తేల్చుకుని వెళ్లింది అన్న లెక్క నాటకం నేర్పినంత బాగా మరేదీ నేర్పదు. ఆ లెక్క సీరియల్ సీనుకు ఎంతో అవసరం.

అయితే నాటిక అలవాట్లలో ఒకదానిని మీరు వదులుకోవాలి. అది పొడుగు సంభాషణ. ఇందుకు ఒక ఆచరణాత్మకమైన కారణం ఉన్నది. మన సీరియళ్లలో కన్నడ నటీనటులు చాలామంది పనిచేస్తున్నారు. తెలుగు రానివారికి సెట్‌లో సహాయ దర్శకుడు పక్కన నిలబడి మాటను అందిస్తారు. దానిని ప్రాంప్టింగ్ అంటారు. నటి ఆ ముక్కను పలుకుతుంది, తరువాత డబ్బింగ్ కళాకారిణి దానికి గొంతు ఇస్తుంది. 4 మాటల్లో తెగే వాక్యమైతే ఈ దారి వెంట చెక్కుచెదరకుండా ప్రయాణిస్తుంది. మూడు ఉపవాక్యాలున్న పెద్ద వాక్యం అందించేటప్పుడే విరిగిపోతుంది, ముఖంలో భావమూ దానితోపాటే పోతుంది.

ఇక సీను విషయం కొంచెం దగ్గరగా చూద్దాం. భర్తతో గొడవపడిన కూతురు ఆ సంగతి దాచిపెట్టి పుట్టింటికి వచ్చింది, తల్లి కనిపెట్టాలి. సీన్ ఆర్డరులో ఉండేది ఇంతే. కొత్తగా రాసేవారు సాధారణంగా, "ఏమ్మా, అల్లుడుగారితో గొడవపడి వచ్చావా?" అని తల్లి చేత అడిగించి, కూతురి చేత పది వాక్యాలు ఏడుస్తూ చెప్పిస్తారు. అనుభవమున్న రచయిత తల్లి చేతికి కూతురి బ్యాగు ఇస్తారు. బట్టలు బీరువాలో సర్దుతూ మాట్లాడుతున్న తల్లి చెయ్యి ఒకచోట ఆగుతుంది.

"నాలుగు రోజులుండి పోతానన్నావు కదే?"
"అవునమ్మా."
"మరి పెళ్లినాటి కుంకుమ భరిణె ఎందుకు తెచ్చుకున్నావు?"

కూతురు జవాబు చెప్పదు. ఆ ముఖం మీద ఫ్రీజ్ పడుతుంది, అంటే బొమ్మ కదలకుండా ఆగి ఆనాటి ఎపిసోడ్ ముగుస్తుంది. ఇదే సినిమా అయితే భరిణెను క్లోజప్‌లో చూపించి ఊరుకోవచ్చు. సీరియల్ చూసే తల్లులు చాలామంది పొయ్యి మీద కూర కలుపుతూనో, రేపటి ఇడ్లీకి పప్పు కడుగుతూనో హాలులోని టీవీని చెవితో వింటూ ఉంటారు. తెర వైపు చూడని క్షణంలో కూడా వారికి కథ అందాలి. అందుకే భరిణె పేరు తల్లి నోటి వెంట రావాలి. బొమ్మ చెప్పినదాన్నే మాట కూడా చెప్పడం తప్పు అని రచనా పాఠాల్లో అంటారు. ఈ మాధ్యమంలో ఆ నియమాన్ని తెలిసి సడలించవలసి ఉంటుంది. చెవికి అందుతూనే చవకబారు కాకుండా ఆ మాటను కూర్చడం ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని, నాకు ఎంతో ఇష్టమైన పని కూడా.

అందువల్ల మీరు చేయవలసింది ఇది. ప్రసారమవుతున్న ఒక సీరియల్‌ను రెండు వారాలు శ్రద్ధగా చూడండి. ఏ రోజైనా ఫ్రీజ్ పడగానే టీవీ కట్టివేసి, రేపటి మొదటి సీను మీరు రాయండి. మరునాడు ప్రసారమైన సీనుతో పోల్చి చూసుకోండి. సీను సంఖ్య, లోపలా బయటా, పగలా రాత్రా, ఎవరెవరు ఉన్నారు అన్నవి పైన రాసి, పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమవైపు చర్య, కుడివైపు మాట రాయడం మన తెలుగు స్క్రిప్టులకు ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. తెలుగు టైపింగ్ తప్పనిసరిగా నేర్చుకోండి. ఇలా రాసిన వాటిలో మూడు మంచి సీన్లు తయారయ్యాక, ఆ సీరియల్ టైటిల్స్‌లో కనిపించే మాటల రచయితను సంప్రదించి, అసోసియేట్‌గా అవకాశం అడగండి. ఆ మూడు సీన్లే మీ అర్హత పత్రం.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానవద్దు. ఈ రంగంలో పారితోషికం ఎపిసోడ్ లెక్కన ఉంటుంది. చేతికి రావడానికి నెలలు పట్టడం అరుదు కాదు. పైగా ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ గురువారం గురువారం ఇచ్చే రేటింగులు పడిపోతే సీరియల్‌ను త్వరగా ముగించివేస్తారు, దానితోపాటు మీ పనీ ముగుస్తుంది. మీ పాఠశాలకు వేసవి సెలవులు ఉంటాయి కదా, అప్పుడు సింగరాయకొండలో రైలెక్కి హైదరాబాదు వెళ్లండి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ పరిసరాల్లోని నిర్మాణ కార్యాలయాలకు పగటివేళ, తోడుగా ఒకరిని తీసుకుని వెళ్లండి. కార్యాలయం కాని చోటికి రమ్మని పిలిచే వారి దగ్గరికి ఎంత పెద్ద పేరున్నా వెళ్లకండి. పని కుదిరితే 6 నెలల ఖర్చులకు సరిపడా డబ్బు చేతిలో ఉన్నాకే రాజీనామా గురించి ఆలోచించండి. ఇప్పుడు కాగితాలన్నీ వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. మీ కలం మీద నమ్మకం కుదిరిన తరువాత కొన్నాళ్లు కందుకూరు నుంచే రాసి పంపే వీలూ ఉంటుంది. కానీ తొలి సంవత్సరం సెట్‌కు దగ్గరలో ఉండి తీరాలి. రాసిన మాట నటి నోట ఎక్కడ తడబడుతుందో కళ్లారా చూడనిదే ఈ పని పట్టుబడదు.

ప్రశ్న: రెండేళ్ల క్రితం ఒక నిర్మాణ సంస్థకు నా కథ నోటితో వినిపించాను. ఇప్పుడు దాదాపు అదే కథతో ఒక సీరియల్ ప్రోమో కనిపిస్తోంది. నేనేమైనా చేయగలనా?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

సమాధానం: మీ బాధ నాకు బాగా తెలుసు. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను కూడా ఒక కార్యాలయంలో రెండు గంటలపాటు కథ చెప్పి, వారు పోయించిన టీ తాగి, ఎంతో సంతోషంతో బయటికి వచ్చాను. ఏడాది తరువాత అందులోని అక్కాచెల్లెళ్ల ఘట్టాన్ని తెర మీద చూశాను. నా దగ్గర ఒక్క కాగితం లేదు, ఒక్క సాక్షి లేడు. ఇప్పటికీ ఆ ఘట్టం గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

చట్టం ఏమంటుందో చూడండి. ఆలోచనకు కాపీరైటు ఉండదు, దానిని మీరు వ్యక్తం చేసిన రూపానికే ఉంటుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఒకే ఇంటి కోడళ్లు కావడం ఎవరి సొత్తూ కాదు. మీరు రాసిన సన్నివేశాల వరుస, పాత్రల తీరు, మాటలు మీవి. నోటితో చెప్పిన కథలో ఏ వివరాలు మీవో ఇప్పుడు నిరూపించడం చాలా కష్టం. మీ దగ్గర ఆనాటి రాతప్రతి, ఫోన్ సందేశాలు ఉంటే మాత్రం కాపీరైటు వ్యవహారాలు తెలిసిన న్యాయవాదికి చూపించండి. ప్రోమో చూసి ఆవేశంగా ఎవరి మీదా బహిరంగంగా నింద వేయకండి. మొదటి పది ఎపిసోడ్లు చూసి, పోలికలను తేదీలతో రాసి పెట్టుకోండి.

ఇకమీదట కథ వినిపించే ముందే దాని సారాంశాన్ని ఈమెయిల్‌లో పంపి, వినిపించిన రోజు సాయంత్రం కృతజ్ఞతలు చెబుతూ మరొక ఈమెయిల్ రాయండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కు రాసిన క్షణంలోనే పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. అయినా సాహిత్య రచనకు 500 రూపాయల రుసుముతో కాపీరైటు కార్యాలయంలో నమోదు చేసుకోవచ్చు. వివాదం వచ్చినప్పుడు అది సాక్ష్యంగా అక్కరకు వస్తుంది. ఒప్పందం కుదిరితే గడువు, ప్రాంతం అన్న రెండు మాటలను వెతికి చదవండి. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం భావిస్తుంది. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని అచ్చువేసి ఉన్నచోట సంతకం పెట్టే ముందు ఒక రోజు గడువు అడగడం మీ హక్కు. అందుకు మొహమాటపడకండి.

ప్రశ్న: నా మాటల్లో నెల్లూరు యాస వస్తుంది. సీరియళ్లకు పనికిరాదని స్నేహితులు అంటున్నారు. మార్చుకోవాలా?
(ఒక పాఠకుడు, కావలి)

సమాధానం: నాయిక, అత్తగారు వంటి ప్రధాన పాత్రలకు అన్ని జిల్లాలవారూ వినే శిష్ట వ్యావహారికంలో రాయమనే మిమ్మల్ని అడుగుతారు. అది సాధన చేయండి. కానీ చెవిలో ఉన్న యాసను తుడిచివేసుకోకండి. పాలు పోయడానికి గుమ్మంలోకి వచ్చిన మనిషి "యాడికి పోతుండావు నాయనా, పొద్దున్నే?" అని అడిగితే, ఆ పాత్రకు పేరు లేకపోయినా ఊరు ఉంటుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, కావలి బస్టాండులో, కూరగాయల బజారులో విన్న మాటను విన్నట్టే రాసుకోండి. అన్నది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో కూడా పక్కన రాయండి. చిన్న పాత్రలకు రాసే అవకాశమే మీకు మొదట దొరుకుతుంది కనుక, ఆ పుస్తకం తొలి నెలలోనే తెరవవలసి వస్తుంది.