జూన్ 30 కథ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి భోజనం చేసి నిద్రమత్తులో చదివితే బాగానే ఉందనిపించింది. సాయంత్రం మళ్లీ చదివితే అందులో ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం వినిపించింది గానీ మనిషి కనిపించలేదు.

ముందు ఒక సంగతి. నీ కథలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో లేచి 'నేను రిటైరవుతున్నాను' అని ప్రకటించగానే అందరూ నిర్ఘాంతపోయారు. అబ్బాయీ, సర్కారు నౌకరీలో ఆ మాట పుట్టినతేదీ ఎప్పుడో చెప్పేస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లు నిండిన నెల ఆఖరి రోజున దిగిపోవాల్సిందే. 2022లో 60ని 62 చేసినప్పుడు ఎవరికి రెండేళ్లు కలిసొచ్చాయో, ఎవరి ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయిందో స్టాఫ్ రూముల్లో వేళ్ల మీద లెక్కేసుకున్నారు. మా తరంలో చాలామందికి పుట్టినతేదీ అంటే బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిందే. జూలై 1 వేస్తే ఆయనకి లెక్క సులువు. ఒకటో తారీఖున పుట్టినవాడు ముందు నెల ఆఖరునే రిటైరవుతాడు కాబట్టి జూన్ 30న సన్మానాలే సన్మానాలు, శాలువాలకి గిరాకీ.

ప్రకటనే కావాలంటే ఆయన్ని ప్రైవేటు కాలేజీకి మార్చు, లేదా వాలంటరీ రిటైర్మెంటు పెట్టించు. అప్పుడు 'ఇంకా సర్వీసుండగా ఎందుకు?' అన్న ప్రశ్న పుడుతుంది. కథ అక్కణ్ణించి నడుస్తుంది.

ఇక ఉపన్యాసం. కొత్త బ్లాకు, కాలేజీల నాణ్యత చూసే న్యాక్ వాళ్లిచ్చిన గ్రేడు, నాటిన మొక్కలు... రెండు పేజీలు ఇవే. నిన్ను తిట్టే అర్హత నాకు లేదులే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నేను తెలుగు చెప్పే రోజుల్లో రిటైరయ్యే ప్రతివారికీ సన్మాన పత్రం నాచేతే రాయించేవారు. సమాసాల మీద సమాసాలు గుమ్మరించేవాణ్ణి. ఒక ఏడాది తీరిక లేక పాత పత్రంలోనే పేరు మార్చి టైపుకిచ్చాను. మూడో పేరాలో పాతాయన పేరు ఉండిపోయింది. వేదిక మీద చదివేశారు కూడా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతకీ, ఆ పేరు తగలకపోతే ఆ పత్రం ఇంకొకరిదని ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అలా పేరు తప్పుగా చదివించుకున్న ప్రిన్సిపాల్ గురించే చెబుతాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మమ్మల్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడిమామిడి నేలకూలాయి. మా పిల్లల ఫీజులు ఆ చెట్ల మీదే కదా! పరీక్ష ఫీజు గడువేమో దగ్గరపడింది. గాలి తగ్గిన మూడో రోజు ఆయన స్కూటరు వేసుకుని బయల్దేరారు. రోడ్డుకడ్డంగా చెట్లు పడినచోట స్కూటరు వదిలేసి నడిచారు. నోటుబుక్కు చివరి పేజీలో పెన్సిలుతో పిల్లల పేర్లు, ఎదురుగా ఎన్ని చెట్లు పోయాయో అంకెలు. తిరిగొచ్చి, కాలేజీ స్పెషల్ ఫీజు ఖాతాలోంచి వాళ్ల పరీక్ష ఫీజు కట్టించేశారు. పైనుంచి అనుమతి లేదు. ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాశారు. అది తేలేదాకా మరుసటి ఏడాది రిటైరయ్యాక ఆయనకి రావాల్సిన డబ్బు ఆగిపోయింది.

వీడ్కోలు సభలో ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడారు, అంతా కాంపౌండ్ వాల్ గురించే. ఆ ఫీజుల ఊసే లేదు. సాయంత్రం అడిగితే, "అది తప్పే కదండీ, రూలు ప్రకారం" అన్నారు.

నీ ప్రిన్సిపాల్ దగ్గర కూడా సభలో చెప్పుకోలేనిది ఒకటి ఉండే ఉంటుంది. గోడలూ బ్లాకుల కబుర్లు ఉపన్యాసంలోనే ఉంచు, ఆ చెప్పుకోలేనిదాన్ని మాత్రం ఆయన నోట చెప్పించకు.

ఇంకోటి. నువ్వు దిగిపోయే మనిషినే చూశావు, ఆయన కుర్చీ ఎక్కే మనిషిని చూడలేదు. మీ విజయనగరం సంగీత కళాశాలనే తీసుకో. 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ గురువు. 1936లో దాసుగారి తర్వాత నాయుడు గారే ప్రిన్సిపాల్ అయ్యారు. అంతటి మహామనిషి దగ్గర పదిహేడేళ్లు పనిచేసి, ఒక ఉదయం ఆయన కుర్చీలోనే కూర్చోవడం! నీ వైస్ ప్రిన్సిపాల్ రెండో పేజీలో ఒక టీ తాగి మాయమైపోయాడు. వెతికి పట్టుకురా.

ఛార్జి అప్పగించే సన్నివేశం కూడా రాయి. మా ప్రిన్సిపాల్ గారిది నేను దగ్గరుండి చూశాను. బీరువా తాళాలు, స్టాక్ రిజిస్టరు, సంతకాలు. ఎప్పుడో లైబ్రరీలో తీసుకున్న నిఘంటువు ఇంట్లో దొరక్క దాని ఖరీదు కట్టి రసీదు తీసుకున్నారు. అన్నీ అయ్యాక గేటు దగ్గర అటెండరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరికంటే ముందు, ఎనిమిదిన్నరకే వచ్చేవారు ప్రిన్సిపాల్ గారు.

"బాబూ, రేపట్నించి గేటు ఎన్నింటికి తియ్యమంతారేటి?" అన్నాడు.

ఆయన స్కూటరు స్టాండు తీసి, మళ్లీ వేసి, "కొత్త సార్ని అడుగు" అన్నారు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం వస్తున్నాను. మంగళవారం జనంలో మాట్లాడుకోలేం గానీ, సోమవారం సాయంత్రం మూడు లాంతర్ల కూడలి దగ్గరకి రా. కథ తిరగరాసి పట్టుకురా. టైపు చేయించక్కర్లేదు, నీ చేతిరాత నేను చదవగలను.

ఇట్లు,
మీ మాస్టారు